అత్తమ్మ ఉన్న రంగులోనే

మా ఇళ్ళల్లో జరిగిన పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు ముందేసుకుని కూర్చుంటే అత్తమ్మ ఒక్కో పెళ్ళిలో ఒక్కో రంగులో కనిపిస్తుంది. ఒకదాంట్లో గోధుమ రంగు, ఇంకోదాంట్లో లేత గులాబీ, ఈమధ్య వాటిలో అయితే ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. అత్తమ్మ అంటే మా నాన్న చెల్లెలు. ఆమెది చామనఛాయ కూడా కాదు, నలుపు. నిగనిగలాడే నలుపు. స్టూడియోవాళ్ళు దాన్ని ఉండనివ్వలేదు. చేతిలో ఫోను కూడా ఉండనివ్వదు. కాస్త చీకటిగా ఉన్న ముఖం కనబడితే చాలు, తనంతట తనే వెలుగు పెంచి చర్మాన్ని నున్నగా చేసేస్తుంది. అరవై దాటిన మనిషికి తన అసలు రంగులో ఉన్న బొమ్మ ఒక్కటీ లేదు.

నేను బొమ్మలు వేస్తాను. తైలవర్ణాల్లో, పాత యూరప్ చిత్రకారుల పద్ధతిలో, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేస్తాను. ఫైన్ ఆర్ట్స్ చదివేరోజుల నుంచీ మనిషి ముఖం తప్ప వేరేదాని మీద మనసు నిలిచేది కాదు. ఈ పద్ధతి మాత్రం చదువయ్యాక, పాత బొమ్మలకు నకళ్ళు తీస్తూ, పుస్తకాలు చదువుతూ నేర్చుకున్నదే. అత్తమ్మను వేయాలని చాలా ఏళ్ళుగా ఉంది. అడగడానికి జంకేదాన్ని, ఎందుకంటే ఆమె రంగు వేయడం నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకాల్లో ఒంటి రంగు అని రాసినచోటల్లా ఉండేది తెల్లవాళ్ళ ఒంటి రంగే. కిందటి దసరాకు రామ్‌నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అడిగేశాను.

"నన్నా? నన్నేం గీస్తవ్ బిడ్డా, మీ వదినెను గియ్యరాదూ" అంది ముందు. రెండోసారి అడిగితే, "ఎన్నొద్దులు కూసోవాలె?" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

దసరా తర్వాత మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించాలన్నది నా లెక్క. దానికి కారణం వెలుగు. పాత చిత్రకారుల స్టూడియోలకు ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంటుంది. ఎండ నేరుగా పడకుండా ఆకాశపు వెలుగు మాత్రం వస్తుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు. నీడల అంచులు అక్కడే ఉంటాయి. పారిస్, ఫ్లారెన్స్ లాంటి ఊళ్ళలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు కాబట్టి ఆ నియమం చెల్లుతుంది. మనం కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడే పడదు. ఈ రెంటికీ మధ్య ఉన్న రోజుల్లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఎండ ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలుగా గదిలోకే వచ్చేస్తుంది. పద్మారావునగర్‌లో మా మేడమీది గదికి ఉత్తరపు కిటికీ ఉన్నా, వేసవిలో దాంతో పని జరగదు. డాబా గచ్చు మీద పడిన ఎండ కూడా తిరిగి పైకి కొట్టి గడ్డం కింది నీడను పాడుచేస్తుంది. చలికాలంలో ఆ కిటికీ అసలైన ఉత్తరపు కిటికీ అవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున తొమ్మిదిన్నర దాటాక వచ్చే వెలుగు చల్లగా, నీలం కలిసి, నిలకడగా ఉంటుంది. ఈ నీలం గురించి మళ్ళీ చెప్పాలి.

కాన్వాస్ పని నేనే చేసుకుంటాను. ముషీరాబాద్ టింబర్ డిపోలో టేకు బద్దలు కోయించి, మూలలకు మేకులు కొట్టకుండా చెక్క చీలలు దిగగొట్టేలా ఫ్రేమ్ చేయించాను. గుడ్డ వదులైతే చీలలు ఇంకాస్త దిగగొట్టి బిగించుకోవచ్చు. దానిమీద నార గుడ్డ, అంటే లినెన్. పాత పద్ధతి ప్రకారం గుడ్డకు ముందు కుందేలు తోలు జిగురు పట్టించాలి. ఆ జిగురు గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన వానాకాలంలో ఉబ్బుతుంది, మార్చి వచ్చేసరికి బిగుసుకుపోతుంది. పైన గట్టిపడిన రంగు పొర దానితో పాటు సాగలేదు, పగుళ్ళిస్తుంది. ఈ ఒక్క విషయంలో పాతను వదిలేసి యాక్రిలిక్ గెస్సో అనే తెల్లటి అడుగు పూత వాడతాను. పూత మీద పూత వేసి, ప్రతి పూతకీ మధ్య గరుకు కాగితంతో రుద్దితే గుడ్డ పోగులు చేతికి తగిలీ తగలనట్టుంటాయి. ఆపైన రా అంబర్ అనే గోధుమ మట్టి రంగును టర్పెంటైన్‌లో పలచగా కలిపి గుడ్డతో అంతా పులిమేశాను. తెల్లటి కాన్వాస్ మీద మొదలుపెడితే ఏ రంగు పెట్టినా నల్లగానే కనిపిస్తుంది, నల్లటి మనిషిని వేసేటప్పుడు అసలే పనికిరాదు.

చీర దగ్గర చిన్న వాదన జరిగింది. అత్తమ్మ కంచి పట్టుచీర సంచిలో పెట్టుకుని వచ్చింది. "బొమ్మంటే పదికాలాలు ఉంటది, మంచిది కట్టుకోవద్దా?" అంది. నాకు ఆమె రోజూ కట్టే నారాయణపేట చీర కావాలి, చిన్న చిన్న గళ్ళు, ముదురు ఎరుపు అంచు ఉన్నది. తన బొమ్మలో తను ఏం కట్టుకోవాలో తేల్చాల్సింది ఆమే కాబట్టి రెండూ కట్టి చూపించమన్నాను. పట్టుచీరలో ఆమె ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. నారాయణపేట చీరలో చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చి కూర్చున్నాయి. అద్దంలో చూసుకుని, "ఇది నా మిషిన్ పైసలతోని కొనుక్కున్న. ఇదే ఉండనీ" అంది. ముప్ఫై ఏళ్ళకు పైగా రామ్‌నగర్ గల్లీలో జాకెట్లు కుట్టిన చేతులు ఆమెవి. అవి బొమ్మలో ఉండాలని నాకు మొదటినుంచీ ఉంది, పట్టుచీరయితే చూపు వాటిమీదికి పోనివ్వదు.

కుర్చీ కాళ్ళ చుట్టూ, ఆమె పాదాల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాను. ప్రతిసారీ అదే చోట కూర్చోవాలి, చూపు అదే కిటికీ ఊచ మీద ఉండాలి. ఇరవై ఇరవై అయిదు నిమిషాలకొకసారి లేచి నడవాలి, లేకపోతే నడుం పట్టేస్తుంది, ముఖంలోకి ఆ నొప్పి వచ్చేస్తుంది. బయటివాళ్ళు కూర్చుంటే రోజుకూలీ లెక్కగట్టి ఇస్తాను. అత్తమ్మ డబ్బు మాటెత్తితే కోపానికొచ్చింది, ఆటోకి మాత్రం ఇవ్వనిచ్చింది.

మొదటి వారాలన్నీ చార్‌కోల్ డ్రాయింగే. కాన్వాస్ ఉన్న స్టాండును, అంటే ఈజిల్‌ను, ఆమె పక్కనే నిలబెట్టి, నేను వెనక్కి వెళ్ళి ఒకచోట నిలబడి చూస్తే మనిషీ బొమ్మా ఒకే సైజులో పక్కపక్కన కనబడతారు. అక్కడినుంచి కొలత మనసులో పెట్టుకుని, ముందుకు నడిచొచ్చి గీత పెట్టి, మళ్ళీ వెనక్కి. రోజంతా నడకే. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండును దారానికి కట్టి చేత్తో పట్టుకుని చూస్తాను: కంటికొస కిందికి ఏమొస్తుంది, చెవి తమ్మె ఏ భుజానికి సరిగ్గా దిగుతుంది అని. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్స్‌లో షార్ల్ బార్గ్, జెరోమ్ అనే చిత్రకారుడితో కలిసి 1866-1871 మధ్య విద్యార్థుల కోసం డ్రాయింగ్ ప్లేట్లు అచ్చువేయించాడు. వాన్‌గో కూడా వాటిని కూర్చుని దించుకున్నాడు. నేనూ వాటిని ఏళ్ళ తరబడి దించాను. వాటిలో నేర్చుకోవాల్సింది గీత అందం అనిపించదు నాకు. వెలుగు ఎక్కడ ఆగింది, నీడ ఎక్కడ మొదలైంది అన్న సరిహద్దును ధైర్యంగా ఒకచోట పెట్టడం వాటి చదువు. కళ్ళు సగం మూసి చికిలించి చూస్తే ముఖంలో చిన్నచిన్న వివరాలన్నీ పోయి రెండే ముక్కలు మిగులుతాయి, వెలుగు ముక్క, నీడ ముక్క. ఆ రెండూ సరిగ్గా పడితే కళ్ళూ ముక్కూ వేయకముందే అత్తమ్మ అని తెలిసిపోతుంది. ఒకరోజు మా అమ్మ గదిలోకి టీ తెచ్చి, కళ్ళు లేని ఆ మసక ముఖాన్ని చూసి "వదినె మూతి గట్లనే పెడ్తది" అంది. ఆ పూట పనికి అంతకంటే కితాబు అక్కర్లేదు.

డ్రాయింగ్ అయ్యాక రా అంబర్ ఒక్కదానితో మొత్తం బొమ్మ వేశాను. రంగు పులమడం, వెలుగు ఉన్నచోట గుడ్డతో తుడిచెయ్యడం. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. నూనె రంగు నీళ్ళ రంగులా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. ఐవరీ బ్లాక్ లాంటి నలుపులు ఆరడం చాలా ఆలస్యం. అందుకే తొందరగా ఆరేవి, నూనె తక్కువ ఉన్నవి కింద వేసి, నూనె ఎక్కువ ఉన్నవి పైన వేస్తారు. తిరగేస్తే పైపొర ముందే గట్టిపడి, కింద ఇంకా కదులుతున్న పొర మీద చిట్లుతుంది.

ఇక్కడ ఓడ్ నెర్డ్రూమ్ ఊసెత్తాలి. నార్వే చిత్రకారుడు, 1944లో పుట్టాడు. చుట్టూ అందరూ ఆధునిక కళ వైపు పోతుంటే తను పాతకాలపు చిత్రకారులు రెంబ్రాంట్, కారవాజియోల దారి పట్టి మనుషుల బొమ్మలే వేశాడు. విమర్శకులు 'కిచ్', అంటే చవకబారు కళ అని ఈసడిస్తే, అవును నాది అదేనని ఆ పేరునే తన మీద వేసుకున్నాడు. ఆయన వేసే చర్మం నాకు ప్రాణం. ఒంటి రంగులో మట్టీ నెత్తురూ రెండూ ఉంటాయి. 1980లలో ఆయన వాడిన ఒక మిశ్రమం వల్ల కొన్ని బొమ్మల్లో రంగు వేడికి కరిగి కిందికి జారిందని, వాటిని కొన్నవాళ్ళ కోసం మళ్ళీ వేయాల్సి వచ్చిందని ఆయనే చెప్పాడు. నార్వే చలిదేశంలోనే అలా అయితే, మే నెలలో హైదరాబాద్ మేడమీది గదిలో ఏమవుతుంది? ఆ సంగతి చదివినప్పటి నుంచి మైనం, రకరకాల జిగుర్లు కలిపిన మీడియమ్‌ల (రంగును పలచబరిచే ద్రవాల) జోలికి పోను. అవిసె నూనె, టర్పెంటైన్. తెలుపులోకి మాత్రం కుసుమ నూనె, అది తక్కువ పసుపెక్కుతుంది.

అంబర్ పొర ఆరేలోపు అత్తమ్మకు సెలవిచ్చి నేను మ్యూజియంల చుట్టూ తిరిగాను. ముందు సాలార్‌జంగ్. అక్కడ రవివర్మ తైలవర్ణ చిత్రాలున్నాయి. రవివర్మ (1848-1906) చీర మడత వేసినట్టు మనదేశంలో ఇంకెవరూ వేయలేదని నా నమ్మకం. జరీ అంచును నిజంగా బంగారు రంగుతో వేయడు, ఓకర్ అనే పసుపు మట్టి రంగు మీద నాలుగు లేత చుక్కలు పెడతాడు, దూరం నుంచి బంగారం మెరుస్తుంది. ఒంటి రంగుకు మాత్రం ఆయన దగ్గర నాకు కావాల్సింది దొరకలేదు. ఆయన నాయికలు చాలావరకు పచ్చగా, గులాబీ బుగ్గలతో ఉంటారు. 1894లో పెట్టిన ప్రెస్సు నుంచి వచ్చిన లిథో (రాతి అచ్చు) పటాలు ఇంటింటి దేవుడి గూటిలోకీ చేరాక, లక్ష్మీ సరస్వతుల ఒంటి రంగు మనకు అదే అయిపోయింది. ఆయన గొప్పతనం తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. ఆయన్ను ప్రేమించే మనిషిగానే ఈ వెలితి నన్ను బాధపెడుతుంది. అంత చెయ్యి తిరిగిన మనిషి నల్లటి ముఖాల మీద ఇంకొంచెం మనసు పెట్టి ఉంటే, ఈరోజు నాకు బడి ఉండేది.

బడి ఇంకోచోట దొరికింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజాం కాలంలో తీయించిన అజంతా నకళ్ళున్నాయి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉండేది. ఒకటో గుహలో పద్మపాణి పక్కన నల్లటి రాకుమారి ఉంటుంది. ఆ గుహల చిత్రకారులు నల్లటి ముఖాలను సిగ్గుపడకుండా, దాచకుండా వేశారు. ముక్కు దూలం మీద, గదుమ మీద, కింది పెదవి మీద లేత రంగు గీత ఒకటి పెట్టి వదిలేశారు. ఆ ఒక్క గీతతో ముక్కు గోడమీది నుంచి బయటికి లేచి వస్తుంది. పదిహేను వందల ఏళ్ళ కిందట మనవాళ్ళు చూసిందే ఇది: నల్లటి ఒంటి మీద మెరుపు ఎక్కువ.

ఎందుకెక్కువో తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. చర్మం మీద పడిన వెలుగులో కొంత పైపైనే అద్దంలా తిరిగి వచ్చేస్తుంది. ఆ భాగం తెల్లటి వాళ్ళకైనా నల్లటి వాళ్ళకైనా ఇంచుమించు ఒకటే. లోపలికి వెళ్ళి తిరిగి వచ్చే వెలుగులోనే తేడా. కాబట్టి తెల్లటి ముఖంలో ఆ పైమెరుపు చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతుంది, నల్లటి ముఖంలో అది విడిగా, స్పష్టంగా నిలబడుతుంది. అది ఒంటి రంగును మోసుకురాదు, పడిన వెలుగు రంగునే మోసుకొస్తుంది. నా కిటికీలోంచి వచ్చేది ఉత్తరపు ఆకాశం. అంటే అత్తమ్మ నుదుటి మీద మెరుపు నీలం.

ఇది అర్థమయ్యాక అసలు పని మొదలైంది. సంక్రాంతి ముందు పొద్దున పూటలన్నీ ఆ నుదుటి మీదే గడిచాయి.

పాలెట్ మీద రంగులు తక్కువే పెట్టుకుంటాను. ప్రాచీన గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్ తెలుపు, పసుపు మట్టి, ఎర్ర మట్టి, నలుపు ఈ నాలుగింటితోనే వేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. స్వీడన్ చిత్రకారుడు జోర్న్ పాలెట్ కూడా ఇంచుమించు ఇదే. నేను వాటికి బర్న్‌ట్ సియెన్నా అనే ఎరుపు గోధుమ రంగు, అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం కలిపాను. తెల్లటి ఒంటిని వేసేటప్పుడు వెలుగు పెంచాలంటే తెలుపు కలుపుతూ పోవచ్చు. అత్తమ్మ రంగులో తెలుపు పడిందంటే అది వెంటనే బూడిదగా మారిపోతుంది, ప్రాణం పోతుంది. అందుకని నీడ నుంచి వెలుగులోకి ఎక్కేటప్పుడు ముందు బర్న్‌ట్ సియెన్నా, తర్వాత ఎరుపు, ఆపైన ఎల్లో ఓకర్. తెలుపు అన్నిటికంటే చివర, గోటి కొసంత. అలా కణత దగ్గర గోధుమ ఎరుపు, కనుబొమ మీద రాగి రంగు, నుదుటి మధ్యకొచ్చేసరికి రాగిలో పసుపు. ఆ పసుపు పక్కనే, ఇంకా తడిగా ఉండగానే, తెలుపూ నలుపూ అల్ట్రామెరైన్ కలిపిన చల్లటి బూడిద నీలం ఒక్క కుంచె వేటు. వేలితో తాకకూడదు, మెత్తబరచకూడదు. పెట్టి వెనక్కి వెళ్ళాలి. వెనక్కి వెళ్ళి చూసేసరికి నుదురు గుండ్రంగా తిరిగింది, చర్మం కింద ఎముక ఉన్నట్టయింది.

లేచి నడుం వంచుకుంటూ వచ్చి బొమ్మ చూసిన అత్తమ్మ, "ఏం బిడ్డా, నా నొసట గింత నీలం యాడుంది?" అంది. గోడకున్న అద్దం తీసి చేతికిచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. అద్దంలో చూసుకుంటూ ముఖం అటూ ఇటూ తిప్పింది. మెరుపు ముఖంతో పాటు కదలకుండా కిటికీ వైపే నిలిచి ఉంది. "ఉన్నది" అంది. కాసేపాగి, "గిన్నేండ్లసంది సూస్కుంటున్న, గిది సూడలే" అంది. ఆ తర్వాత ఆమె కూర్చునే తీరే మారింది. అప్పటిదాకా నాకు సాయం చేస్తున్నట్టు కూర్చునేది. ఆరోజు నుంచి వచ్చీ రాగానే ముందు కాన్వాస్ దగ్గరికెళ్ళి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూసేది, "ఈ బుగ్గ దిక్కు ఇంక అయిపోలేదు గదా" అని తనే చెప్పేది.

మూతి వేయడం కష్టమైంది. అత్తమ్మ మాట్లాడే మనిషి. జనగామ దగ్గర ఊళ్ళో నాట్లేసిన రోజులు, పట్నం వచ్చిన కొత్తలో మిషన్ అద్దెకు తెచ్చుకున్న సంగతి, పండగ ముందు రాత్రిళ్ళు నిద్రలేకుండా కుట్టిన జాకెట్లు, అన్నీ ఆ కుర్చీలోనే చెప్పింది. మాట్లాడుతుంటే ముఖం నలభై ఏళ్ళ మనిషిది. మూతి వేస్తున్నాను, మాట్లాడొద్దు అంటే నోరు మూసుకుంటుంది, పెదాల కొసలు కిందికి దిగుతాయి, ముఖం డెబ్బై ఏళ్ళదైపోతుంది. ఏది అత్తమ్మ? రెండూ ఆమే. నేను చూసిందేమిటంటే, ఒక కథ చెప్పడం ముగించి ఇంకోటి మొదలుపెట్టేలోపు ఒక క్షణం ఉంటుంది. పెదాలు కలుస్తాయి గానీ ఇంకా బిగుసుకోవు. ఎడమ పక్క కొస కొంచెం పైకే ఉంటుంది. మాట్లాడనిస్తూనే ఆ క్షణం వచ్చినప్పుడల్లా చూసి, అది జ్ఞాపకంలో ఉండగానే ఒక్కో ముక్క పెడుతూ వెళ్ళాను. అందుకే ఈ బొమ్మ చూసి ఎవరైనా మెచ్చుకోలుగా "అచ్చం ఫోటోలాగే ఉంది" అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అలాంటి మూతి ఏ ఫోటోలోనూ దొరకదు. ఎన్నో పొద్దుల మీద, ఎన్నో కథల మధ్య చూసిన క్షణాలను ఒకచోట చేర్చితే వచ్చిన మూతి అది.

చేతులు మాత్రం ఇష్టంగా వేశాను. నల్లటి చేతుల్లో వేళ్ళ కణుపులు ఇంకా ముదురుగా ఉంటాయి, గోళ్ళు లేత గులాబీ, అరచేయి తిరిగే అంచు దగ్గర ఉన్నట్టుండి రంగు తేలిపోతుంది. కుడి చూపుడు వేలి కొసన సూది పోట్లకు గట్టిపడిన చర్మం ఉంది, అక్కడ మెరుపు పడదు, మందంగా ఉంటుంది. ఆ తేడా కోసం అక్కడ నూనె అసలు కలపకుండా, పొడిగా ఉన్న రంగును బ్రిసిల్ బ్రష్‌తో రాశాను. గాజులు మట్టి గాజులే, లాడ్ బజార్‌లో కొన్నవి. ఒక్కో గాజుకు ఒక ముదురు గీత, ఒక మెరుపు చుక్క. అంతకంటే ఎక్కువ వేస్తే చూపు చేతిని వదిలి గాజుల దగ్గర ఆగిపోతుంది.

చీర గళ్ళు చూసి చాలామంది అదెంత విసుగో అంటారు. నిజానికి గళ్ళే నాకు సాయపడ్డాయి. మోకాలి మీద గడి వెడల్పుగా ఉంటుంది, పక్కకి తిరిగేచోట సన్నబడుతుంది, మడతలోకి పోయి మాయమై అవతలి ఒడ్డున కొంచెం పక్కకి జరిగి తేలుతుంది. గీత ఎక్కడ వంగిందో సరిగ్గా చూస్తే కింద కాలు ఎలా ఉందో చెప్పేస్తుంది. ముందు గళ్ళ సంగతే మరిచి వెలుగు నీడలతో మొత్తం గుడ్డను వేసి ఆరనిచ్చాను. తర్వాత గళ్ళను పలచటి రంగుతో పైన గీశాను. నీడలోకి పోయిన గళ్ళను గుడ్డతో ఒత్తి సగం చెరిపేశాను. సాలార్‌జంగ్‌లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు ఎప్పుడూ జనమే. పాలరాతిలో పలచటి ముసుగు, దాని వెనక ముఖం. ఆ ముసుగు ఎక్కడ ముఖానికి అంటుకుంది, ఎక్కడ వదులైంది అని చూస్తూ నేను అక్కడ చాలాసేపు నిలబడతాను. బట్ట వేయడమంటే బట్ట కిందిది వేయడమేనని నాకు తెలిసింది ఆ శిల్పం దగ్గరే.

నీడలు చివరిదాకా పలచగానే ఉంచాను. బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపితే నలుపు కంటే లోతైన నలుపు వస్తుంది, దాన్ని నూనెతో పలచబరిచి మెడ పక్కన, కొప్పు కింద ఒక పొర వేస్తే అడుగున ఉన్న అంబర్ వెచ్చదనం తెలుస్తూనే ఉంటుంది. వెలుగు మందంగా, నీడ పలచగా వేయాలన్నది రెంబ్రాంట్ బొమ్మల్లో అందరూ చూసేదే. మామూలుగా ముఖం వెలుగులో ఉంటే వెనక ముదురు రంగు వేస్తారు. అత్తమ్మ వెనక నేను అలా వేయలేదు. వెనక ముదురు పెడితే ఆమె అందులో మునిగిపోతుంది, ఆమెను తేల్చడానికి మళ్ళీ ఒంటి రంగును తెల్లబరచాల్సి వస్తుంది. సున్నం వేసిన పాత గోడ రంగు వెనక పెట్టాను, కొంచెం పచ్చదనం కలిపిన లేత బూడిద. దానిమీద ఆమె ముఖం ముదురుగా, అంచు స్పష్టంగా, నిండుగా నిలబడింది. ఈ బొమ్మలో నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఉగాదికి రెండు మూడు వారాల ముందు సంతకం పెట్టాను. చూడ్డానికి చుట్టాలొచ్చారు. ఒక పెద్దమనిషి అన్నీ మెచ్చుకుని చివరికి, "కొంచెం రంగు తేలిస్తే ఇంకా కళొస్తుండె" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే అత్తమ్మ అందుకుంది. "నేనెప్పుడు తెల్లగున్న అన్నా? ఉన్నది ఉన్నట్టు ఏసింది పిల్ల. ఆ నొసట సూడు, నీలం కనవడ్తుందా?" అని ఆయన్ను చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. చాలాసేపు ఇద్దరూ అక్కడే నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు.

బొమ్మ ఇప్పుడు రామ్‌నగర్‌లో వాళ్ళ హాల్లో ఉంది, వంటింటి పొగ తగలని గోడకి, ఎండ నేరుగా పడని చోట. అలాగని చీకటి మూలలో పెట్టనివ్వలేదు. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. వార్నిష్ ఇంకా వేయలేదు. పైకి ఆరినట్టున్నా లోపలి పొరలకు టైమ్ కావాలి, వచ్చే చలికాలం దాకా ఆగాలి. ఈలోపు దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపమని, తడిగుడ్డ పెట్టొద్దని చెప్పాను.

దసరా తర్వాత మామయ్యను కూర్చోబెడుతున్నాను. అడిగింది అత్తమ్మే, కుర్చీలో ఎంతసేపు ఎలా కూర్చోవాలో ఆయనకు ఇప్పటినుంచే చెబుతోంది. మామయ్య అత్తమ్మ కంటే నలుపు, పైగా తెల్లటి గడ్డం. టైటానియం వైట్ ట్యూబు సగానికి పైగా మిగిలే ఉంది, గడ్డానికి సరిపోతుంది. బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్ మాత్రం అయిపోయాయి, అబిడ్స్ వెళ్ళి తెచ్చుకోవాలి.